రెండుసార్లు అమ్మిన అటక

1998 ఆగస్టు నెల, శనివారం ఉదయం ఏడుంపావుకి సుందరరావు ఇంటి ముందు రెండో బండి ఆగింది.

మొదటిది కొబ్బరి వర్తకుడు పాపారావు ట్రాక్టరు. అంబాజీపేట నుంచి వచ్చి అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. రెండోది ఎడ్లబండి. దాని మీద నూనె గానుగ వరహాలమ్మ కూర్చుంది. పక్కన ఖాళీ గోనెసంచుల కట్ట ఉంది.

ఇద్దరూ వచ్చింది అటక మీద ఎండిన కొబ్బరి కోసమే, కురిడీ కాయల కోసమే. ఇద్దరూ బయానా ఇచ్చేరు. పాపారావు సుందరరావు చేతికిచ్చేడు. వరహాలమ్మ సుందరరావు తల్లి సత్యనారాయణమ్మ చేతికిచ్చింది. తల్లి కొడుక్కి చెప్పలేదు. కొడుకు తల్లికి చెప్పలేదు.

"కాస్త తప్పించండి పాపారావుగారూ. బండి లోపలికి రావాలి," అంది వరహాలమ్మ.

"లోపలికెందుకండీ? సరుకు నాదైతే."

"మీదెప్పుడైందండీ?"

"మొన్న గురువారం."

"నేను అంతకు ముందు గురువారమే మాట్లాడేను."

"ఎవరితో మాట్లాడేరు? నేను ఇంటి యజమానితో మాట్లాడేను."

"నేనూ యజమానితోనే మాట్లాడేను. మీరు మాట్లాడింది ఆవిడ కొడుకుతో."

ట్రాక్టరు డ్రైవరు నవ్వేడు. పాపారావు అతని వంక చూసేడు. డ్రైవరు ఇంజను ఆపేసేడు.

సుందరరావు పంపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. ముఖం కడుక్కున్నవాడు తుడుచుకోలేదు. అలాగే లోపలికి వెళ్లేడు.

సత్యనారాయణమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం చూస్తోంది.

"అమ్మా, వరహాలమ్మగారి దగ్గర డబ్బు తీసుకున్నావా?"

"తీసుకున్నాను."

"దేనికి?"

ఆవిడ ఒక రాయి ఏరి బయటికి విసిరింది.

"కావల్సొచ్చింది."

"నాతో ఒక్క ముక్క అనొచ్చు కదా."

"నువ్వన్నావా?"

సుందరరావు అప్పుడు ముఖం తుడుచుకున్నాడు.

"తోట నీది," అంది సత్యనారాయణమ్మ. "తోటలో కాయ దింపుకో, చెట్టు కొట్టుకో, నేనెప్పుడన్నా అడిగేనా? అటక నాది. మా అత్తగారు నాకిచ్చేరు. నేను నా కోడలు భవానికిచ్చేను. ఈ ఇంట్లో అటక మీది కాయకి మగవాళ్లు బేరమాడిన రోజు లేదు. మీ నాన్నగారు ఉన్నన్నాళ్లూ ఆ నిచ్చెన ఎక్కి ఎరగరు."

"అది తుఫానుకి ముందు మాటమ్మా. ఇప్పుడు తోటలో ఏముందని?"

అది నిజం. తొంభై ఆరు నవంబరు తుఫానులో ఆ తోటలో చెట్లు మూడొంతుల్లో రెండొంతులు పోయేయి. కొత్త మొక్కలు ఇంకా మోకాలి ఎత్తు దాటలేదు. చుట్టుపక్కల తోటలు కొన్ని రొయ్యల చెరువులయ్యేయి. ఊళ్లో కాయ లేక ధర పెరిగింది. అందుకే నిరుటి వేసవిలో అటకెక్కించిన కాయలకి ఇద్దరు వచ్చేరు.

"నీకు దేనికి కావల్సొచ్చింది?" అని తల్లి అడిగింది.

"దానికే."

"నాకూ దానికే."



ఆ ఇంట్లో నెలల తరబడి బిడ్డ అనే మాట ఎవరూ అనలేదు. సుందరరావుకి, భవానీదేవికి పెళ్లై ఇరవై ఒక్క సంవత్సరాలు. భవానీదేవికి మూడుసార్లు కడుపు నిలిచింది. మొదటిసారి ఉయ్యాల కొన్నారు. రెండోసారి పేరు అనుకున్నారు. మూడోసారి ఏమీ కొనలేదు, ఏమీ అనుకోలేదు కాని బంధువులందరికీ చెప్పేరు. మూడుసార్లూ నిలవలేదు. ఆ తరవాత పదకొండేళ్లు గడిచేయి. ఇంక ఆశ లేదని అందరూ సర్దుకున్నాక, నలభై ఒకటో ఏట ఇది వచ్చింది.

ఈసారి ఎవరూ నోరెత్తకూడదని సత్యనారాయణమ్మ చెప్పింది. ఒక్క పాత గుడ్డ కూడా తీసి పెట్టద్దంది. అమలాపురంలో డాక్టరు దగ్గరికి వెళ్లడాన్ని ఇంట్లో 'ఊళ్లో పని' అనేవారు. సుందరరావు స్కూటరు అమ్మేసేడు. నడిస్తే మోకాళ్లకి మంచిదన్నాడు. సత్యనారాయణమ్మ కాఫీ మానేసింది. అరగడం లేదంది. ఒకరు చెప్పింది ఇంకొకరు నమ్మేరు. డబ్బు ఎవరెంత వెనకేస్తున్నారో, దేనికి వెనకేస్తున్నారో అడగాలంటే ఆ మాట అనాలి. అందుకని ఎవరూ అడగలేదు. ఇద్దరూ ఒకే కుప్పని అమ్మేరు.

"పైకెక్కి చూస్తాను," అన్నాడు సుందరరావు. "చెరి సగం ఇచ్చేద్దాం."

"నువ్వెక్కద్దు."

"ఏం?"

"వరహాలమ్మ మనుషులున్నారు కదా. వాళ్ల చేత దింపిస్తాను. నువ్వు అరుగు మీద కూర్చో."

తల్లి అతని ముఖం చూడకుండా చెప్పింది. సుందరరావు నిచ్చెన తెచ్చి వేసి తనే ఎక్కేడు.

అటక వంటింటి మీద ఉంది. పొయ్యి పొగకి దూలాలు నల్లబడ్డాయి. మెట్ల నుంచి చూస్తే ఎదురుగా నిరుటి కాయల కుప్ప ఉంది. అది అతనికి తెలిసిందే. ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించేడు. లోపల ఎండిన కొబ్బరి గుడ్డు చిప్పకి తగిలి కదిలింది. నీరు ఇంకిపోయింది. సరుకు సిద్ధంగా ఉంది.

కుప్ప వెనక, వాలు దూలానికి గోనెపట్టా ఒకటి వేలాడుతోంది. అది అక్కడ ఉన్నట్టు అతనికి గుర్తు లేదు. వంగి వెళ్లి ఎత్తి చూసేడు.

వెనక ఇంకో కుప్ప ఉంది.

సుందరరావు చిన్నప్పటి నుంచి తోటలో పెరిగినవాడు. పై పీచు డొక్క రంగు చూసి కాయ చెట్టు దిగి ఎన్నాళ్లైందో చెప్పగలడు. పైన ఉన్నవి ఇంకా పచ్చగా ఉన్నాయి. పదిహేను రోజుల కిందటి దింపులోవి. వాటి కిందవి పసుపు తిరిగేయి. ఆ కిందవి గోధుమ రంగు. దింపు దింపుకీ ఒక వరస. అతను పైవి పక్కకి దొర్లించి అడుగు వరస చూసేడు. అవి బూడిద రంగుకి వచ్చేయి. ఒకటి తీసి చేతిలో తూచేడు. బరువు తగ్గింది. కాయ చిన్నది. ముచ్చిక దగ్గర నొక్కుకుపోయి ఉంది.

ఆ కాయని అతను గుర్తుపట్టేడు. తుఫానుకి మొవ్వు విరిగి బతికిన చెట్లు మళ్లీ వేసిన మొదటి కాపు అది. అలాంటి కాయ ఒక్క దింపులోనే వచ్చింది. మార్గశిరంలో.

భవానీదేవి అతనికి చెప్పింది ఫాల్గుణంలో. డాక్టరు పరీక్ష చేసి అవునన్నది ఆ తరవాత.

మార్గశిరానికి నెల తప్పి నాలుగు రోజులై ఉంటుంది, అంతే. ఆ వయసులో నెల తప్పితే ఎవరైనా ఇంకొకటి అనుకుంటారు. ఆవిడ కాయ అటకెక్కించింది.

దింపు అయిన ప్రతిసారీ ఇంటి వాడకానికని కొన్ని కాయలు వంటింటి గుమ్మం దగ్గర పోయించడం అలవాటు. ఆ కాయలు ఏమయ్యేయో అతను ఇన్నాళ్లూ అడగలేదు. ఎనిమిది నెలలుగా ఇంట్లో కొబ్బరి పచ్చడి లేదు. కూరలో కోరు లేదు. పులుసులో పాలు లేవు. కొబ్బరి వాసన పడటం లేదండీ అని భవానీదేవి చెప్పింది. వేవిళ్లనుకున్నాడు. కోనసీమలో పుట్టి కొబ్బరి పడకపోవడమేంటని తల్లితో ఒకసారి నవ్వేడు కూడా. తల్లి నవ్వలేదు.

సుందరరావు ఆ కాయ ఒళ్లో పెట్టుకుని దూలాల కింద కూర్చున్నాడు. కింద నుంచి పాపారావు రెండుసార్లు పిలిచేడు.  ఎనిమిది నెలలు. ఆరు దింపులు. తను ప్రతి రోజూ ఈ అటక కిందే భోజనం చేసేడు.

కాయ పట్టుకుని దిగేడు. తల్లి నిచ్చెన దగ్గరే ఉంది.

"ఎవరెక్కించేరమ్మా ఇవి?"

"నాలుగో నెల దాకా తనే. తరవాత నేను."

"నువ్వా?"

"కొంగులో ఐదారు కట్టుకుని ఎక్కేదాన్ని. నువ్వు తోటకెళ్లేక."

సత్యనారాయణమ్మకి అరవై ఎనిమిదేళ్లు. సుందరరావు నిచ్చెన వంక చూసేడు. తల్లి వంక చూసేడు. కాయ పట్టుకునే అరుగు మీదికి వెళ్లేడు.

వరహాలమ్మ అతని చేతిలో కాయ తీసుకుని ఆడించింది.

"నీళ్లున్నాయండి. ఇదెక్కడిది?"

"వెనక ఇంకో కుప్పుంది."

"అయితే గొడవే లేదు," అన్నాడు పాపారావు. "ముందు కుప్ప నాకు, వెనక కుప్ప ఆవిడకి. ఆడవాళ్ల అటక ఆడవాళ్లకే."

"మీకు గుడ్డూ, నాకు నీళ్లూనా? ఏం దయండీ తమది. ఇది దీపావళికి గాని ఎండదు. అంతదాకా మా గానుగలో నీళ్లు పోసి తిప్పుకోమంటారా?"

"ఆయ్, తిప్పండి. మీరు తిప్పితే నీళ్లలో కూడా నూనె దిగుతుంది."

"వెనక కుప్ప అమ్మేది లేదండి."

అన్నది భవానీదేవి. గదిలోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. పాపారావు అరుగు దిగి కాస్త దూరం జరిగేడు. వరహాలమ్మ కాయ కింద పెట్టింది.

"నిలబడకమ్మా," అంది వరహాలమ్మ. "నువ్వు కాదన్న సరుకు నాకెందుకు? వెళ్లి పడుకో."

సుందరరావు భార్య వెనకే గదిలోకి వెళ్లేడు. ఆవిడ మంచం మీద కూర్చుంది. ఒక చెయ్యి నుదుటి మీద పెట్టుకుంది.

"తలనొప్పా?"

"కొంచెం."

"ఎవరికి భవానీ అవి?"

"ఎవరికో మీకు తెలుసు."

"ఆసుపత్రికే అయితే నేను చూసేను. కాకినాడలో పెద్దాసుపత్రి పక్క వీధిలో గది మాట్లాడేను. నెలకి అద్దె కట్టేసేను. వచ్చే వారం తీసుకెళ్లిపోదామని. పాపారావుగారి డబ్బు దానికే."

"మీరు స్కూటరు అమ్మినప్పుడే అనుకున్నాను."

"మరి ఇవెందుకు?"

"ఆసుపత్రికి కాదండి. ఆ తరవాతకి."

"తరవాత మనం చూసుకోమా?"

"నేనుంటే చూసుకుంటాం."

సుందరరావుకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేక మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

"అమ్మ తీసుకున్న డబ్బు దేనికి?"

"గేదెకి. చెరువు గట్టు వాళ్ల గేదె ఈ నెలలో ఈనుతుంది. ముందుగా డబ్బిచ్చి ఉంచమని నేనే చెప్పేను. పాలుండాలి కదండీ ఇంట్లో."

"నీకు పాలు..."

"నేనుంటే గేదె పాలు మీరు తాగండి."

ఆవిడ మామూలుగా మాట్లాడింది. బజారు నుంచి ఏం తేవాలో చెప్పే గొంతుతో మాట్లాడింది. సుందరరావు ఆ గొంతు ఇరవై ఒక్క సంవత్సరాలుగా విన్నాడు. అది ఇంత సంగతి మొయ్యగలదని తెలియదు.

"నీకెవరు చెప్పేరు అలాగని?"

"ఎవరూ చెప్పలేదు. మంగళవారం రాహేలు వచ్చి బీపీ చూసింది."

రాహేలు సబ్‌సెంటరు నర్సు. పన్నెండేళ్లుగా ఆ ఊళ్లో కాన్పులకి తిరుగుతోంది.

"చూసి?"

భవానీదేవి చీర అంచు కాస్త ఎత్తి కాలు చూపించింది. చీలమండ మీద వేలు పెట్టి నొక్కి తీసింది. వేలు దిగిన చోట గుంట పడింది. అది పూడలేదు.

"ఎక్కువుందంది. వెంటనే కాకినాడ వెళ్లమంది. అత్తయ్యగారితో కూడా చెప్పింది."

"మంగళవారం చెప్తే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు తోట అమ్ముతారు."

అతను ఏదో అనబోయేడు.

"మొదటిసారి మెరక పొలం అమ్మేరు. రెండోసారి ఇంటెనక దొడ్డి అమ్మేరు. మూడోసారి నా గాజులు నేనే ఇచ్చేను. నాకోసం అమ్మేరు కాబట్టి నేనేమీ అనలేదు. ఇప్పుడు తోట ఒక్కటే ఉంది. ప్రకాశరావుగారు చెరువు తవ్వుకుంటానని వారం వారం వచ్చి అడుగుతున్నారు. ఇదివరకు ఇవ్వను పొమ్మనేవారు. నిన్న సాయంత్రం మీరేమన్నారు?"

నిన్న సాయంత్రం సుందరరావు, చూద్దాంలెండి అన్నాడు.

"చెట్టు కొట్టి ఉప్పునీళ్లు పెడితే అందులో మళ్లీ ఏమీ మొలవదండి. నేను ఉన్నా లేకపోయినా, వచ్చినవాళ్లకి నిలబడ్డానికి చోటుండాలి కదా. మొదటి సంవత్సరం అటక మీది కాయ గడిపిస్తుంది. రెండో సంవత్సరానికి తోట కాస్త కోలుకుంటుంది. అంతదాకా లెక్క వేసే పెట్టేను."

బయట వరహాలమ్మ ఎడ్లకి నీళ్లు పెడుతోంది. బాల్చీ చప్పుడు వినిపించింది.

సుందరరావుకి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. గొంతు పైకి లేచింది.

"పచ్చడి లేకుండా ఎనిమిది నెలలు నాకు అన్నం పెట్టేవు. వాసన పడదన్నావు. అబద్ధం."

"పడకపోవడం ఏంటండీ. అటక మీది నుంచి వాసన వచ్చినప్పుడల్లా నోరూరేది."

ఆవిడ నవ్వింది. నవ్వి నుదురు పట్టుకుంది. కోపం ఎటు పోయిందో అతనికి తెలియలేదు.

"మీరు ఒక్కసారి కూడా వినలేదు," అంది భవానీదేవి.

"ఏంటి?"

"కాయైతే చెవి దగ్గర పెట్టుకుంటారు."

సుందరరావు తలుపు వంక చూసేడు. ఎవరూ లేరు. స్టూలు మీద నుంచి దిగి నేల మీద మోకాళ్లానించేడు. ఎక్కడ చెవి పెట్టాలో తెలియలేదు. ఆవిడ అతని తల పట్టుకుని బొడ్డు కింద ఎడమ పక్కకి జరిపింది.

మొదట ఏమీ వినిపించలేదు. తన చెవిలో తన రక్తం చప్పుడే వినిపించింది. ఊపిరి బిగపట్టేడు. అప్పుడు ఒక చప్పుడు తెలిసింది. నెమ్మదిగా నడుస్తోంది. అది భవానీదేవిది. దాని కింద, ఎక్కడో దూరంగా, ఇంకొకటి పరిగెడుతోంది. ఎండాకాలం రాత్రి దూరంగా పొలంలో ఆయిలింజను ఆడుతున్నట్టుంది. ఆగకుండా, ఎవర్నీ అడక్కుండా, దాని పని అది చేసుకుంటోంది.

అతను కదల్లేదు. చెవి మీద లోపలి నుంచి ఏదో తగిలింది. తల వెనక్కి తీసేడు. చెవి తడుముకున్నాడు. మళ్లీ ఆనించేడు.

"కాలు," అంది భవానీదేవి. "పొద్దున్న పూట ఆ పక్కకే తంతుంది."

మూడుసార్లు అతను ఆసుపత్రి వరండాల్లో కూర్చున్నాడు. మూడుసార్లూ సంతకాలు పెట్టేడు. ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. కుప్పలో కాయ కదిలితే రైతు కష్టం కదిలినట్టు. ఇక్కడ కదిలినదాంట్లో అతని కష్టం ఏమీ లేదు. అడక్కుండా వచ్చింది. అతను అలాగే ఉన్నాడు. ఆవిడ చెయ్యి అతని తల మీద ఉంది. ఎంతసేపో ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.

గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. సత్యనారాయణమ్మ వచ్చింది. ఆవిడ వెనక రాహేలు ఉంది. కొడుకు గదిలోకి వెళ్లగానే సత్యనారాయణమ్మ సబ్‌సెంటరుకి నడిచి వెళ్లి రాహేలుని వెంటబెట్టుకొచ్చింది. ఎవరూ పంపలేదు.

సుందరరావు లేచి నిలబడ్డాడు. మోకాళ్లకి అంటిన దుమ్ము దులుపుకోలేదు.

రాహేలు మాట్లాడకుండా భవానీదేవి చేతికి పట్టీ చుట్టింది. బల్బు నొక్కింది. గొట్టం చెవిలో పెట్టుకుని విన్నది. పట్టీ విప్పి మళ్లీ చుట్టింది. మళ్లీ చూసింది.

"నూట డెబ్బై, నూట పది," అంది. "మంగళవారం నూట యాభై. కళ్ల ముందు మెరుస్తున్నట్టుందా అమ్మా?"

"పొద్దున్నుంచీ."

"ఇంక కూర్చోడానికి లేదండి సుందర్రావుగారూ. ఇప్పుడే బయలుదేరాలి. వచ్చే వారం మాట కాదు. మంగళవారమే వెళ్లాల్సింది." రాహేలు సత్యనారాయణమ్మ వైపు తిరిగింది. "అబ్బాయిగారికి చెప్తానన్నారు కదండీ అమ్మగారూ. చెప్పేరనే నేననుకుంటున్నాను."



"అత్తయ్యగార్ని నేనే వద్దన్నాను," అంది భవానీదేవి.

"నువ్వన్నావని కాదు," అంది సత్యనారాయణమ్మ. ఆవిడ గొంతు తగ్గింది. "నిండు మనిషి ఏరు దాటకూడదంటారు. మూడోసారి దాటించేం. దాటించే కదా పోగొట్టుకున్నాం. ఈసారి దాటకుండా ఇక్కడే జరిగిపోతుందేమో అనుకున్నాను. రోజూ పొద్దున్నే చెబుదామని లేచేదాన్ని. లేచి చెప్పలేకపోయేదాన్ని."

"ఏరు దాటకుండా ఎటెళ్తామండీ అమ్మగారూ?" అంది రాహేలు. "రెండు వైపులా గోదారి. మూడో వైపు సముద్రం."

 సుందరరావు తల్లి వంక చూసేడు. ఆవిడ చీర కొంగు చివర రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. నాలుగు రోజులు, అనుకున్నాడు. పైకి అనలేదు.

"నువ్వు కూడా రా," అన్నాడు.

"వస్తాను."

అరుగు మీద సంగతి తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. ట్రాక్టరు డ్రైవరు సైకిలు పుచ్చుకుని కారు కోసం ఉప్పలగుప్తం వెళ్లేడు. ముందు కుప్ప పాపారావు దింపించుకున్నాడు. మిగతా డబ్బు సుందరరావు చేతిలో పెట్టేడు. లెక్క చూసుకోమన్నాడు. సుందరరావు చూసుకోలేదు.

సత్యనారాయణమ్మ వరహాలమ్మ దగ్గరికి వెళ్లింది.

"నీ డబ్బు గేదె వాళ్లకి ఇచ్చేసేను. ఇప్పుడు నా దగ్గర లేదు."

"నేనడిగేనా పిన్నిగారూ?"

"అడగవు. అందుకే చెప్తున్నాను."

"గేదె ఈననివ్వండి. జున్ను పంపించండి, వడ్డీ కింద జమేసుకుంటాను." వరహాలమ్మ ఖాళీ సంచుల కట్ట బండిలోకి ఎత్తింది. "ఏవండోయ్ పాపారావుగారూ, బండి కాస్త పక్కకి తిప్పండి. కారు లోపలికి రావాలి."

పాపారావు ఈసారి మాటకి మాట అనలేదు. ట్రాక్టరు తనే తోలుకుని వీధిలో పెట్టేడు.

సుందరరావు ఇంకోసారి అటకెక్కేడు. దొర్లించిన కాయలు వరసగా సర్దేడు. గోనెపట్టా కిందికి దించేడు. దిగి నిచ్చెన తీసి పెరటి గోడకి చేరేసేడు.

కారు దొరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. భవానీదేవి వెనక సీట్లో పడుకుంది. తల అత్తగారి ఒళ్లో పెట్టుకుంది. కాళ్ల దగ్గర రాహేలు కూర్చుంది. సుందరరావు ముందు కూర్చున్నాడు. ముమ్మిడివరం దాటేక రోడ్డు గతుకులుగా ఉంది.

"బాబూ, నెమ్మదిగా పోనియ్యి," అంది సత్యనారాయణమ్మ డ్రైవరుతో. "లోపల బిడ్డుంది."

సుందరరావు వెనక్కి తిరగలేదు. రోడ్డు వంకే చూసేడు. భవానీదేవి కళ్లు మూసుకునే ఉంది. అత్తగారి చెయ్యి పట్టుకుంది.

ఎదుర్లంక రేవులో బండ్లని ఏరు దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేదాకా గంటకి పైగా ఆగేరు. ఇంకో జీపు, కొన్ని మోటారు సైకిళ్లు, ద్రాక్షారామం వెళ్లే యాత్రికులు ఎక్కేరు. గోదారి నిండుగా ఉంది. నీరు ఎర్రగా ఉంది. పంటు నడి గోదారికి వచ్చేక సత్యనారాయణమ్మ నీళ్లకేసి చూడటం మానేసి కోడలి ముఖం చూడటం మొదలుపెట్టింది. రాహేలు చెయ్యి భవానీదేవి నాడి మీద ఉంది.

సుందరరావు కారు దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"తల పగిలిపోతోందండి."

"కదులుతోందా?"

ఆ మాట అతను అడగడం అదే మొదటిసారి. భవానీదేవి కడుపు మీద చెయ్యి వేసుకుంది. లోపలికి వింటున్నట్టు కళ్లు మూసుకుంది.

"కదులుతోంది."

యానాం వైపు రేవులో ఒడ్డు బురదగా ఉంది. మనుషుల బరువుతో కారు పైకి ఎక్కదని డ్రైవరు చెప్పేడు. అందరూ దిగాలన్నాడు. మంచం తెప్పిద్దామని సుందరరావు అన్నాడు. భవానీదేవి వద్దంది.

ఒక పక్క రాహేలు పట్టుకుంది. ఇంకో పక్క సుందరరావు పట్టుకున్నాడు. సత్యనారాయణమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వెనక నడిచింది. దారిలో రెండుసార్లు ఆగేరు. రెండోసారి ఆగినప్పుడు భవానీదేవి కళ్లు గట్టిగా మూసుకుని తెరిచింది. ముందుకి కదిలింది.

ఖాళీ కారు పైకి వచ్చి ఆగింది. నలుగురూ ఎక్కేరు. అప్పటికి సాయంత్రం నాలుగైంది. కాకినాడ ఇంకా ముప్పై కిలోమీటర్లుంది.